పొన్న గెడ

నా చిన్నప్పుడు నాకు తెలియని సంగతంటూ ఏదీ లేదనుకునేదాన్ని. అయిదో తరగతి చదువుతున్న రోజులవి. బళ్ళో విన్న పాఠం ఇంటికొచ్చి అందరికీ మళ్ళీ చెప్పేదాన్ని. వినకుండా లేచిపోయేవాళ్ళను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మరీ చెప్పేదాన్ని. దీని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని మా నాన్న నవ్వేవాడు. ఆ తాళం పడిన రోజులు నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

మాది హంసలదీవి దగ్గర వేట మీద బతికే చిన్న పల్లె. ఇళ్ళ వెనకే ఉప్పునీటి పాయ, దానికి రెండు వైపులా మడచెట్లు. వంటచెరుకు కావాలన్నా, కంచెకు గుంజ కావాలన్నా ఆ మడే మాకు దిక్కు. దాన్ని కొట్టడానికి మా తాతయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. మోకాలెత్తు మోడు వదిలి నరకాలి. మొదలంటా కొడితే చెట్టు చచ్చిపోతుంది, మోకాలెత్తు ఉంచితే నెల తిరిగేసరికి చుట్టూ చిగుళ్ళు వేస్తుంది. పుల్లలకు వెళ్ళినప్పుడల్లా నన్ను మోడు పక్కన నిలబెట్టి, నా మోకాలితో కొలిచి మరీ కొట్టేవాడు.

ఆ ఏడు మాస్టారు మాకు ప్రకృతి వనరుల పాఠం చెప్పారు. భూమిలోంచి తవ్వి తీసే బొగ్గు, పెట్రోలు వాడుకుంటే తరిగిపోతాయట. చెట్లు అలా కాదు, వాడుకున్నా మళ్ళీ పుడతాయట, అందుకని అవి పునరుద్ధరింపదగిన వనరులట. ఆ మాట నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. తిరిగాక ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. బళ్ళో ఈ మాట చెప్పకముందే మా తాతయ్యకు ఆ సంగతి తెలుసు కదా అని లోలోపల గర్వంగా కూడా ఉండేది.

పంద్రాగస్టు రెండు రోజుల్లో ఉందనగా బడి ముందున్న జెండా వెదురు గాలికి విరిగిపోయింది. మంచి నిటారు గెడ ఎవరైనా తేగలరా అని మాస్టారు అడిగారు. అందరికన్నా ముందు నా చెయ్యే లేచింది. ఆ మధ్యాహ్నం, సముద్రం పాటు తీసి పాయలో నీళ్ళు తగ్గాక, ఇంట్లో ఉన్న కత్తి పట్టుకుని, పక్కింటి అక్కను వెంటేసుకుని బురదలో దిగాను. మడచెట్లు వంకరటింకర. వాటిలో నిటారు గెడ దొరకడం కల్ల. పాయ మలుపులో మాత్రం ఒక పొన్నచెట్టు ఉంది, పూలపొన్న కాదు, ఉప్పునీళ్ళలో పెరిగే పొన్న. మా వైపు పొన్నలు అరుదు. నాలుగు వైపులా కాళ్ళలాంటి వేళ్ళు బురదలోకి దింపుకుని, పైన మాను తీగ లాగినట్టు నిటారుగా నిలబడి ఉండేది.

కొయ్య గట్టిది. అక్కా నేనూ వంతులవారీగా కొట్టాం. అరచేతులు బొబ్బలెక్కాయి. వేళ్ళ పైన నా మోకాలు ఆనించి చూసుకుని, సరిగ్గా మోకాలెత్తు వదిలే కొట్టాను. చెట్టు పడ్డాక కొమ్మలు విరిచి బురదలో పారేశాం. వాటికి పచ్చటి కాయలు, వేలెడేసి ఉన్నవి, వేలాడుతున్నాయి. పొన్నకాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, ములక్కాడంత పొడవయ్యాక రాలి బురదలో నాటుకుంటుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం తాతయ్య వేట నుంచి వచ్చేసరికి గెడ మా చూరుకు ఆనించి ఉంది. వల భుజం మీంచి దించకుండానే దాని దగ్గరికి వెళ్ళాడు. బెరడు మీద అరచెయ్యి వేసి కిందికీ పైకీ తడిమాడు.

"ఇది ఎక్కడిదమ్మడూ?"

పాయ మలుపులోదని చెప్పాను. మోకాలెత్తు వదిలానని, మళ్ళీ పుడుతుందని, చెట్లు పునరుద్ధరింపదగిన వనరులని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మా నాన్న చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు. మా నాన్న నా మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి. తాతయ్య అడ్డం వచ్చి, "దానికేం తెలుసురా? మనం ఏనాడన్నా చెప్పామా?" అన్నాడు. తరవాత అరుగు మీద కూర్చుండిపోయాడు. ఒంట్లో బాగోలేదని ఆ పూట అన్నం ముట్టలేదు. చెప్పకుండా బురదలో దిగినందుకే నాన్నకు కోపం వచ్చిందనుకున్నాను నేను.

పంద్రాగస్టు నాడు నా గెడ మీదే జెండా ఎగిరింది. తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని బడికి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. జెండా ఎగిరినంతసేపూ తలెత్తి నిలబడ్డాడు. ఆయన చూసేది జెండానే అనుకున్నాను.

మర్నాడు నన్ను పడవలో పాయ మలుపుకు తీసుకెళ్ళాడు. నేను కొట్టిన పొన్నమోడు పక్కనే ఒక మడచెట్టును అదే ఎత్తున నరికాడు. "రెండిటినీ నువ్వే కనిపెట్టుకుని ఉండు. ఏది ముందు ఇగురేసిందో నాకు చెప్పు," అన్నాడు.

వారానికోసారి వెళ్ళి చూసేదాన్ని. మూడో వారానికి మడమోడు చుట్టూ ఎర్రటి చిగురు మొగ్గలు లేచాయి. వినాయక చవితి నాటికి ఆకులు విప్పాయి. పొన్న మీద ఏమీ లేదు. కొట్టిన చోటు ఎండి నల్లబడింది, వేళ్ళకు గుల్లలు పట్టాయి. దానికి ఇంకాస్త టైము పడుతుందేమోనని తాతయ్యతో అనేదాన్ని. ఆయన తలూపేవాడు. ఒకరోజు ఇంట్లోంచి చెంబుతో మంచినీళ్ళు తీసుకెళ్ళి మోడు మీద పోశాను. ఉప్పునీళ్ళలో బతికే చెట్టుకు మంచినీళ్ళు పోసిన తెలివితక్కువదాన్ని నేను. దసరా సెలవులకు దాని బెరడు ఊడి చేతికొచ్చింది. ఆ రోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, అది ఎందుకు రాలేదని తాతయ్యను అడిగాను.

"పొన్నకి మోడు నుంచి ఇగురు రాదమ్మా. కాయ పడి, కొత్తది లేవాల్సిందే. కొట్టావా, అది పోయినట్టే," అన్నాడు. మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. అప్పుడు చెప్పాడు.

నేను పుట్టకముందు మా సీమను ముంచేసిన ఉప్పెనలో మా నాయనమ్మా, చిన్నత్తా పోయారని నాకు తెలుసు. చిన్నత్తకు అప్పటికి అయిదేళ్ళు. ఇల్లూ, పెట్టే, బట్టలూ అన్నీ కొట్టుకుపోయాయి, ఆ పిల్లది ఒక గౌను ముక్క కూడా మిగల్లేదు. ఇద్దరి ఒంటి ఆనవాలూ దొరకలేదు. మరుసటేడు తాతయ్య, పాయ సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి రెండు పొన్నకాయలు తెచ్చి పాయ మలుపులో గుచ్చాడట. నాయనమ్మ పేరున గుచ్చిన దాన్ని గేదెలు తొక్కేశాయి. రెండోది నిలిచింది. ఆ రెండో చెట్టే బడి ముందు జెండా మోస్తోంది.

"మా పిల్ల ఎదుగుతోందని చూసుకునేవాణ్ణి. దానికి ఏడు వచ్చాయి, పది వచ్చాయి, ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది అనుకునేవాణ్ణి," అన్నాడు. మా తాతయ్య కళ్ళ వెంట నీళ్ళు రావడం అంతకుముందు నేను చూడలేదు. ఆయన ఒళ్ళో తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నన్ను కొట్టమని కూడా అడిగాను. ఆయన నా అరచేతిలో మానిపోయిన బొబ్బల మచ్చలు వేలితో రాస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత పరీక్షలో, పునరుద్ధరింపదగిన వనరులకు ఉదాహరణ రాయమని ప్రశ్న వచ్చింది. గాలి, ఎండ అని రాశాను. చెట్లు అని రాయడానికి చెయ్యి రాలేదు. మాస్టారు పిలిచి అడిగితే జరిగినదంతా చెప్పాను. నెల తిరక్కుండా ఆయన బడికి ఒక ఇనప పైపు తెప్పించి, గెడను తానే భుజాన మోసుకొచ్చి మా ఇంట్లో దించారు. తాతయ్య దాన్ని పడవ తోసే గెడగా చేసుకున్నాడు. బరువెక్కువ, నీ వల్ల కాదని నాన్న అన్నా వినలేదు.

సముద్రపు మొగ దగ్గరి పొన్నలకు కాయలు పండి రాలే రోజుల్లో, ఆ గెడతోనే పడవ తోసుకుంటూ ఇద్దరం వెళ్ళాం. కట్టెడు కాయలు ఏరుకొచ్చి మలుపులో గుచ్చాం. ఒకదాన్ని చేతిలో పట్టుకుని, ఇది చిన్నత్తదా తాతయ్యా అని అడిగాను. తప్పు దిద్దుకుందామనే తొందర నాది.

"కాదమ్మా. దానిది అయిపోయింది. వీటికి ఎవరి పేరూ పెట్టమాక. చెట్లుగా పెరగనీ," అన్నాడు.

వాటిలో పీతలు కొరికినవి పోగా, గేదెలు తొక్కినవి పోగా నాలుగు నిలిచాయి. అవి కాయలు కాసే దాకా తాతయ్య ఉండలేదు. ఇప్పుడు వాటి కింద పిల్లమొక్కలు గుబురుగా లేచాయి. నాకు నలభై దాటాయి. మొన్న మా అబ్బాయి పుస్తకంలో మళ్ళీ అదే ప్రశ్న కనిపించింది. చెట్లు మళ్ళీ పుడతాయా అమ్మా అని అడిగాడు. పుడతాయని రాయి, మార్కు వేస్తారు అన్నాను. అది అబద్ధమేమీ కాదు, పాయ మలుపు ఇప్పుడు నిండుగా ఉంది. రాయడం అయ్యాక వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, ఆ గుబురు మధ్యలో ఏమీ లేని చోటు ఒకటి చూపించాను. అక్కడ ఒక చెట్టు ఉండేదని చెప్పాను.

ఆ గెడ ఇప్పుడు మా వసారాలో మూలన ఉంది. తాతయ్య చేతుల రాపిడికి పైభాగం నున్నగా అయింది. కింది చివర నా కత్తి గాట్లు అలాగే ఉన్నాయి. పండగలకు ఇల్లు కడిగేటప్పుడు దాన్ని పక్కకు తియ్యాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వను. ఎత్తుకున్న పిల్లను దించినట్టు, రెండు చేతులతో నేనే తీసి పెడతాను.