అంచనాల మాస్టారు

మూడో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారికి ఒకటే జబ్బు. ఏ వస్తువు కంటపడినా టేపు తియ్యకముందే దాని కొలత ఇంతని గొంతెత్తి చెప్పేసేవారు. ఇరవయ్యేళ్ళలో అది ఒక్కసారైనా నిజమైతే ఒట్టు. అందుకే బడంతా ఆయన్ని చాటుగా అంచనాల మాస్టారనేది.

"ఈ తలుపు ఎంత ఎత్తుంటుందర్రా? నన్నడిగితే పన్నెండు మీటర్లు!"

"అయ్యో మాస్టారూ! అంతుంటే మన కప్పు ఎక్కడుండాలి?" అని పిల్లలు విరగబడి నవ్వేవారు. ఒకడు మూడనేవాడు, ఇంకొకతె రెండనేది. కుర్చీ ఎక్కి కొలిస్తే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు తేలేది. మాస్టారు నెత్తి కొట్టుకుని, బోర్డు మీద తన వంతుకి ఒక సున్నా చుట్టుకునేవారు.

ఇది పెద్ద మేడానికి మింగుడుపడలేదు. గోడ మీద గడియారం కాస్త వంకరగా ఉన్నా ఆవిడకి అన్నం సయించదు. అలాంటిది, లెక్కల మాస్టారే తప్పులు చెబుతుంటే ఎలా?

"సోమవారం ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు. ఆయన ముందు ఒక్క తప్పు చెప్పారో, మూడో తరగతి మీకుండదు. స్టోరు రూము చూసుకుందురుగాని," అని తేల్చి చెప్పింది.

"అలాగేనమ్మా. కానీ ఆ కిటికీ పక్క పాప ఇంకా నోరు విప్పలేదండీ."

"దానికీ మీ తప్పులకీ ఏమిటండీ సంబంధం?"

మాస్టారు తల గోక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ పాప చేరి నాలుగు నెలలైంది. పాత బడిలో జవాబు తప్పితే బెంచీ ఎక్కించేవారట. అప్పట్నుంచీ లెక్కల పీరియడంటే పెదవి కదపదు.

సోమవారం వచ్చింది. వెనక బెంచీలో ఇన్‌స్పెక్టరుగారు, పక్కన పెద్ద మేడం. మాస్టారు గుడ్డసంచిలో తొమ్మిది ఎర్ర గుండీలు, ఒక నీలం గుండీ వేసి కలిపారు.

"చూడకుండా ఒకటి తీస్తా. ఏ రంగొస్తుంది? నేను మాత్రం నీలమే అంటాను!"

పెద్ద మేడం పళ్ళు నూరింది. ఈయన మొండితనం తగలెయ్య!

అప్పుడు కిటికీ పక్కనుంచి సన్నటి గొంతు వినిపించింది. "కాదు మాస్టారూ. ఎరుపే వస్తుంది. తొమ్మిదున్నాయిగా."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఉత్సాహంగా చెయ్యి పెట్టి గుండీ తీశారు.

నీలం.

ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆయన చెప్పింది జరిగింది. గెలిచిన మనిషి మొహం అంతలా మాడిపోవడం పెద్ద మేడం ఎన్నడూ చూడలేదు. "భలే!" అని ఇన్‌స్పెక్టరుగారు చప్పట్లు కొట్టారు. పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపండి సార్!" మాస్టారు గద్దించారు, ఇన్‌స్పెక్టరుగారినే. "నాది గుడ్డి దెబ్బ. ఆ పాప చెప్పిందే సరైన జవాబు. ఒక్కసారి తీస్తే ఏం తెలుస్తుంది? వందసార్లు తీద్దాం. రండి, సంచి మీరు పట్టుకోండి. అమ్మా, నువ్వు బోర్డు మీద గీతలు పెట్టు."

గుండీ తియ్యడం, రంగు చెప్పడం, మళ్ళీ సంచిలో వెయ్యడం. గంట కొట్టినా ఆగలేదు.

"భోజనం వేళ దాటిపోతోందండీ," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు నీరసంగా.

"ఇంకా నలభై మూడున్నాయి సార్."

చివరికి పాప గీతలన్నీ లెక్కపెట్టి క్లాసు దద్దరిల్లేలా చదివింది: "ఎరుపు ఎనభై ఎనిమిది! నీలం పన్నెండు! నేను చెప్పలేదా?"

సాయంత్రం పెద్ద మేడం మాస్టారిని పిలిచింది. స్టోరు రూము మాటెత్తలేదు. "నిజం చెప్పండి. ఈ బల్ల పొడవెంత?"

"నూట ఇరవై రెండు సెంటీమీటర్లమ్మా," అన్నారాయన, దానివైపు చూడకుండానే.

టేపు పెట్టి చూసుకుంది. అక్షరాలా అంతే.

"మరి క్లాసులో ఆ పన్నెండు మీటర్ల గోలేమిటండీ?"

"ఎవరో ఒకరు మొదటి తప్పు చెప్పెయ్యాలి కదమ్మా. అదయిపోతే ఇక పిల్లలకి భయముండదు. జీతం తీసుకునేవాణ్ణి, ఆ పని నాకే ఉండనివ్వండి."

మర్నాడు పెద్ద మేడం ఐదో తరగతిలోకి వెళ్ళింది. చాక్‌పీసొకటి ఎత్తి పట్టుకుంది. ఎన్నడూ లేని సిగ్గుతో గొంతు సవరించుకుని, "ఇది... రెండు మీటర్లుంటుంది," అంది.

క్లాసు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ముప్ఫై చేతులు ఒక్కసారే లేచాయి.