నీళ్ల మోటారుకు బావ పెట్టిన కంప్యూటర్

మా బావ లిఫ్టు మెకానిక్. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన మాట వింటాయి గానీ, సొంత అపార్ట్‌మెంట్‌లో మనుషులు వినరు. నీళ్ల మోటారు వేయడం అందరూ మరిచిపోతున్నారని, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ తెచ్చి మెట్ల కింద అరలో బిగించాడు. ట్యాంకు ఖాళీ అయితే అదే మోటారు వేస్తుంది. పెట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఎండలు ముదిరేసరికి అది వేడెక్కి ఆగిపోయింది. పై అంతస్తు టీచరమ్మ ఒళ్లంతా సబ్బు నురగతో ఉండగా కుళాయి ఎండిపోయింది. ఆ రోజు నుంచి బావకు మెట్లెక్కడానికి మొహం చెల్లలేదు. ఆదివారం మీటింగులో దాన్ని పీకించేస్తానని అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటు గారు పట్టుబట్టారు. బావకు అది మిషన్ కాదు, పరువు.

ఫ్యాను పెట్టాడు. అర తలుపు ఊడదీశాడు. అందరికీ నమ్మకం కుదరాలని చిన్న ప్రోగ్రాం రాసి, దాని వేడి ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో ఒక పేజీలో గ్రాఫుగా కనిపించేలా చేసి, లింకు అందరికీ పంపాడు. తగ్గాల్సిన వేడి కాస్తా ఇంకా పెరిగింది! ఎదురైన ప్రతివాడూ "ఇంకా చల్లబడలేదేమయ్యా?" అని ఫోన్ చూపించడమే. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి అక్క కూడా బెంగకొద్దీ గంటగంటకూ ఆ పేజీ తెరిచేది.

"నువ్వు కూడానా!" అని బావ ఆమె మీద విసుక్కున్నాడు.

మీటింగు రోజు పొద్దున ఆయనకు అసలు సంగతి తట్టింది. ఆ పేజీని పెట్టింది కూడా ఆ కంప్యూటర్‌లోనే. ఎవరు తెరిచినా పాపం అది గ్రాఫు మళ్లీ గీయాలి. చూసేకొద్దీ చాకిరీ, చాకిరీకొద్దీ వేడి.

"ఆ పేజీ తీసెయ్ బావా," అన్నాను.

"చెప్పకుండా తీస్తే దాచేశానంటార్రా."

కింద పార్కింగులో, మోటారు పక్కనే మీటింగు. "ఆ పేజీ వల్లే వేడెక్కుతోందండీ. దయచేసి ఎవరూ తెరవకండి," అన్నాడు బావ. నిజమో కాదో చూద్దామని అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీశారు. ఆయన వద్దంటూనే ఉన్నాడు. కాసేపటికి, తిరుగుతున్న మోటారు టక్కున ఆగింది.

"చూశారా! పేజీ తీసేస్తే చాలండీ," అన్నాడు ఆశగా.

"తీసేస్తే అది వేడెక్కిందో లేదో మాకెలా తెలుస్తుంది?" అంది టీచరమ్మ.

ప్రెసిడెంటు గారు ఓటు అడగ్గానే, పీకేయాలని చేతులు లేచాయి. అక్క చెయ్యి మాత్రం లేవలేదు, ఇందాక ఫోనూ తీయలేదు. బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని అర ముందు చతికిలబడ్డాడు. అక్క వెళ్లి ఆయన పక్కన కూర్చుని, ఊడిన స్క్రూల కోసం చెయ్యి చాపింది.