బందు పెట్టె

తెలంగాణ కావాలని జనమంతా రోడ్ల మీదికొచ్చిన ఆ రోజుల్లో, మా ఇంటికి ఒక ఇనుప పెట్టె వచ్చింది. బందు ఎప్పుడు పడుతుందో, ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు కనుక ఇంట్లో సరుకులు సిద్ధంగా ఉండాలని మా ఆయనకు జ్ఞానోదయమైంది. మామూలు రోజుల్లో చక్కెర అయిపోయిందని చెబితే వినపడని మనిషికి.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టేవాడు. చేతికి ఏది దొరికినా పొట్లం కట్టకుండా ఉండలేడు. ఎల్బీనగర్‌లో మేము కిరాయికుండే మేడ మీది గదిలో కూర్చుని పప్పు, ఉప్పు, కారం, సబ్బులు, అగ్గిపెట్టెలు, చాయలోకి చాపత్తా అన్నీ పాత పేపర్లో చుట్టి, దారం కట్టి, ప్రతిదాని మీదా పెన్నుతో పేరు రాశాడు. మా అత్తకు ఆయాసం. ఆమె పీల్చే మందు పంపు కొత్తది కొని, అట్టపెట్టెతో సహా దాన్నీ చుట్టి, అన్నీ ఆ ఇనుప పెట్టెలో సర్దేశాడు.

"నేను లేకున్నా పరేషాన్ గావద్దు. అన్నిటి మీద రాసిపెట్టిన" అన్నాడు.

ఆయన లేకపోతే ఇంట్లో ఉండేది నేనూ అత్తా. అప్పటికి ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. నేను దిద్దడం మొదలుపెట్టింది చాలా ఏళ్ళ తర్వాత. ఈ సంగతి ఆయనకు తెలియదా అంటే, పెళ్ళినాటి నుంచీ తెలుసు. కానీ పెన్ను పట్టిన మగవాణ్ణి ఆపేదెవరు?

"ఏ పొట్లంల ఏమున్నదో మాకెట్ల తెలుస్తదయ్యా?" అన్నాను.

"చూస్తె తెల్వదా?"

బందు రానే వచ్చింది. ఇంట్లో కూర్చోవడానికి ఇన్ని సరుకులు పోగేసిన మనిషి, పొద్దున్నే చాయ తాగి, "జర చూసొస్త" అని చైతన్యపురి వైపు నడిచిపోయాడు.

కాసేపటికి మూల మీద ఎవరో టైరు కాల్చారు. పొగ తిన్నగా మా గదిలోకే వచ్చింది. అత్తకు ఆయాసం లేచింది. పాత పంపు నొక్కితే అందులో మందు లేదు. మందుల దుకాణం షట్టరు దించి ఉంది. పెట్టె తెరిచాను.

సబ్బూ, చాపత్తా, అగ్గిపెట్టెలూ, పంపూ అన్నీ పట్టుకుంటే ఒకేలాగున్నాయి. మా ఆయన పనితనం అంత గట్టిది. ఒకటి చింపితే సబ్బు. ఇంకొకటి చింపితే కర్పూరం. అత్త గోడకానుకుని చేపలా నోరు తెరుస్తోంది. ఆత్రంగా మరో పొట్లం లాగితే కారం గదంతా లేచింది. అంతవరకూ ఆమెకే ఊపిరి ఆడటం లేదు, ఇప్పుడు నాకూ ఆడలేదు.

ఆ ఘాటుకు కింది నుంచి ఇంటి ఓనరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. "ఆంధ్రోళ్ళకు మన గోస ఏం తెలుస్తది" అని మా అత్త ఆమెకు వినపడేలా రోజూ గోడతో చెప్పుకునేది.

"ఏం కాలుస్తున్నారమ్మా పైన?" అంటూనే ఆమె అత్త ముఖం చూసింది. నల్లబడ్డ పెదవులు చూసింది. కింద కూర్చుని పొట్లాలు గబగబా తిప్పింది.

"ఇదిగో. 'అమ్మ పంపు' అని ఎంత చక్కగా రాశారో!"

పంపు నొక్కి పీల్పించాక అత్త మెల్లగా మనుషుల్లో పడింది. ఓనరమ్మను చూసి, "జర కూసోరాదమ్మా" అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"కూర్చుంటే నాకూ దగ్గొస్తుందండీ" అంటూ ఓనరమ్మ కిటికీ తెరిచి పోయింది.

సాయంత్రం మా ఆయన నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. నేల మీద కారం చూశాడు.

"గన్ని ఎందుకిప్పినవే? రాసే ఉండె గదా!"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఎవల కోసం రాసినవ్‌రా? నన్ను బడికి తోలినవా, దాన్ని తోలినవా? పోలీసోళ్ళొచ్చి సదువుకుంటరనుకున్నవా?"

ఆయన తల వంచుకుని చీపురందుకున్నాడు. నేలంతా ఊడ్చాడు. తర్వాత పంపు తీసి అంగీతో తుడిచి, తనకు తెలియకుండానే పక్కనున్న పేపరు మీదికి చెయ్యి చాచాడు.

అత్త పంపు లాక్కుని, నడుముకు చెక్కుకున్న వక్కల సంచిలో వేసుకుంది. ఆమె బతికినన్నాళ్ళూ అది ఆ సంచిలోనే ఉంది.