మొదట తీసిన తాలుకాయ

నిన్న బజారులో ఎండుమిరప బస్తా మూతి విప్పగానే ఘాటుకి తుమ్ము వచ్చింది. వెంటనే అమ్మ పరిచిన చాప కళ్లముందు మెదిలింది.

నా చిన్నప్పుడు ఒక ఏడు నాన్న గుంటూరు మిర్చి యార్డులో కాయ అమ్మి తెచ్చిన డబ్బు అప్పులన్నిటికీ చాలలేదు. అమ్మకి రాయటం రాదు. అప్పుకొక మిరపకాయ చొప్పున చాప మీద పేర్చి, ముందు తీర్చేదాన్ని తీసి పక్కన పెడదామంది. అన్నిటికన్నా పొడుగు కాయ ఎరువుల కొట్టు ఆయనది. ఆయన అప్పటికే మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోత కూలి ఇవ్వాల్సిన మరియమ్మకి, రంగు వెలిసిన చిన్న తాలుకాయ. పొడుగుదే ముందు తీస్తుందనుకున్నాను. అమ్మ తాలుకాయ తీసింది.

"ఆయన బయటే ఉన్నాడే!" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"ఉండనివ్వండి. ఆయన అడగగలడు. మరియమ్మ ఎదురుపడితే మనం ఇబ్బంది పడతామని ఈ వీధిన రావటమే మానేసింది. నీళ్లకి కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి పోతంది."

అది నేనూ రోజూ చూసిందే. గట్టు మీద గాలి ఆవిడకి ఇష్టమేమో అనుకున్నాను.

ఇప్పుడు నా ఫోన్‌లో అప్పు వాయిదాలు కట్టమనే మెసేజ్‌లు వరసగా మోగుతుంటాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, ఈమధ్య మా వీధిన రావటం మానేసిందెవరా అని ఆలోచిస్తాను.