తమ్ముడు వెయ్యని గేటు

మొన్న ఉదయం కూరగాయలు తెచ్చుకుని లిఫ్టు దిగి వస్తుంటే, మా వరసలో కొత్తగా చేరిన తెలుగువాళ్ల ఫ్లాట్ ఇనుపగేటు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ కనిపించలేదు. సంచి కింద పెట్టి గేటు వేశాను. వేసి ఒకసారి లాగి చూశాను. అంతలో ఆ ఇంటి అమ్మాయి వెనకనుంచి పరుగున వచ్చింది. "అయ్యో ఆంటీ, వేసేశారా? పాపని స్కూల్ బస్ ఎక్కించి వద్దామని తీసిపెట్టి వెళ్లాను. వేస్తే దానంతటదే లాక్ అయిపోతుంది, తాళాలు లోపలే ఉండిపోయాయి." తాళాలు తీసేవాడికి ఫోన్ చేసి, ఆమెను మా ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ కలిపాను. కప్పు అందించి నా చేతినే చూసుకుంటూ నిలబడ్డాను. నేను సిగ్గుపడుతున్నాననుకుని "పర్లేదు ఆంటీ, స్టవ్ మీద ఏమీ లేదులెండి" అంది. గేటు వేసి అలా లాగి చూసేది మా తమ్ముడు. వాడు పోయి ఇరవై ఏళ్లు దాటింది. వాడి అలవాటు నా చేతికి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల కోసం కంపెనీలు ఎగబడుతున్న రోజుల్లో వాడు సింగపూర్ వచ్చాడు. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ అప్పటికి కొత్తది. చుట్టూ సగం కట్టిన బ్లాకులు, ఎర్రమట్టి, క్రేన్లు. వాడు మా ఇంట్లోనే ఉండేవాడు. తెల్లవారగానే ఆ కొత్త రోడ్ల మీద పరుగెత్తి వచ్చి, గేటు వేసి, లాగి చూసి, స్నానానికి వెళ్లేవాడు. చిన్నప్పుడు మా చేనుకి వెదురు తడక ఉండేది. గేదెలు పంటలో పడతాయని మా నాన్న వాడికి చెప్పిన మొదటి పని అదే. తడక వెయ్యి, ఒకసారి లాగి చూడు. పొలం పోయింది, తడక పోయింది, లాగి చూడడం మిగిలింది.

మా అత్తగారు మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టి పెరిగినావిడ. ఆవిడ తాతల కాలంలోనే కోస్తానుంచి వెళ్లిన కుటుంబం. కొడుకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు. ఒకరోజు పక్కింటి చైనా ఆవిడకి పచ్చడి ఇవ్వడానికి గేటు తీసిపెట్టి వెళ్లారు. ఈలోగా మా వాడు వచ్చి గేటు వేసి, బాత్రూంలో దూరాడు. వాడు తువ్వాలుతో బయటికి వచ్చేదాకా ఆవిడ ఎండ కొట్టే వరండాలో నిలబడ్డారు.

"మీరు లోపలున్నారనుకున్నాను అత్తయ్యగారూ."

"నేను లోపలుంటే గేటెందుకు తీసిపెడతాను లా? గుక్కెడు నీళ్లు లేక నాలుక పిడచకట్టుకుపోయింది." మాట చివర ఆ "లా" ఆవిడకి మలేషియానుంచి వచ్చిన అలవాటు.

ఆ తరువాత వాణ్ణి వాళ్ల కంపెనీ ఇంగ్లండు పంపింది. ఆఫీసు పొలాల మధ్య కట్టారట. దగ్గరలోని పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాడు. ఆదివారాలు ఫోన్ కార్డుతో మాట్లాడేవాడు. మేం స్పీకర్ పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్లం. వాడు ఆఫీసు గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఎటు పరుగెత్తాడో చెప్పేవాడు. చర్చి వెనక సందు, సమాధుల పక్కన కంచె, దాన్ని దాటడానికి రెండు చెక్కమెట్లు. దిగితే గోధుమ చేను. కాలిదారి ఆ చేను నడిమధ్యనుంచి పోతుంది. మొదటిరోజు వాడికి అడుగు పడలేదట. నిలువు పైరులో ఎలా నడుస్తామని గట్ల వెంట చుట్టూ తిరిగి, ముళ్లు గీరించుకుని వచ్చాడు.

"ఎవరి చేనో ఏమిటో, మనుషులు పడి పరుగెడుతుంటే ఊరుకుంటారా?" అన్నారు అత్తగారు.

"ఊరుకుంటారట అత్తయ్యగారూ. చేను రైతుదేగానీ దారి అందరిదీనట."

ఆవిడకి ఈ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు. రబ్బరు తోటలో ఒక వరస దాటి పక్క వరసలో కాలు పెడితే కేకలు విన్న మనిషి. కానీ వాడు ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆవిడే అడిగేవారు, ఇవాళ ఎంతదాకా వెళ్లావని. చేను తరువాత గొర్రెల బీడు, దానికి ఇనుపగేటు, కిందికి వాలు, వాగు, పాడుబడిన పిండిమర, తిరిగి రోడ్డు మీదుగా ఊరు. ఆ దేశం ఎన్నడూ చూడని మా అత్తగారికి ఆ దారి కంఠతా వచ్చేసింది.

ఒకసారి ఆ బీడు గేటు తెరిచి ఉంటే, వాడు వేసి, లాగి చూసి వెళ్లాడు. మర్నాడు రైతు ట్రాక్టరు ఆపి నిలదీశాడట. గొర్రెలు నీళ్లకి పోవాలని ఆయనే గేటు తీసిపెట్టాడు. అవి సాయంత్రందాకా గేటు దగ్గర అరుస్తూ నిలబడ్డాయి. "తెరిచి ఉంటే తెరిచే ఉంచు. మూసి ఉంటే మూసే వెళ్లు. ఇక్కడ పద్ధతి అది" అన్నాడట. వాడు నవ్వుతూ చెప్పాడు. అత్తగారు నవ్వలేదు. "ఇక్కడ నేను, అక్కడ గొర్రెలు. నీ చేతిలో ఎవరికీ నీళ్లు పుట్టవు" అన్నారు. ఆ తరువాత రైతుకీ వాడికీ స్నేహం కుదిరింది. దారిలో కనిపిస్తే ఆయన టోపీ ఎత్తేవాడు. గేటు సంగతి గుర్తుందన్నట్టు, మా వాడు చెయ్యెత్తి గాలిలో గేటు మూసినట్టు చూపించేవాడు.

నేను అప్పుడు ఊరి నడిమధ్య తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. మధ్యాహ్నం భోజనం చేసి సీటుకి వచ్చేసరికి ఇంగ్లండునుంచి ఫోన్. వాడి మేనేజర్. నా పేరు అడిగి, మీరు అక్కగారేనా అన్నాడు. వీసా కాగితాల గురించేమో అనుకున్నాను. అక్కడ పొద్దున్న వేళ. "ఈ టైములో పరుగుకి వెళ్తాడండీ. ఒక గంట ఆగి చెయ్యండి, దొరుకుతాడు" అన్నాను. అవతల ఆయన "సారీ" అన్నాడు. వినపడలేదనుకుని మళ్లీ అదే చెప్పాను, కాస్త గట్టిగా. అప్పుడు ఆయన చెప్పాడు, వాడు నిన్న పొద్దున్న పరుగులోనే పోయాడని, నా నంబరు దొరకడానికి ఇంతసేపు పట్టిందని. నేను "థాంక్యూ" అని ఫోన్ పెట్టేశాను. ఎదురు బల్ల మీద ఎవరిదో తాగని టీ ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. వాడికి ముప్ఫై నిండలేదు. ఒక్క మాత్ర మింగి ఎరగడు.

నేనూ మా ఆయనా వెళ్లాం. గుండె ఆగిందన్నారు డాక్టర్లు, బాధ తెలిసి ఉండదన్నారు. డాక్టర్లు అందరికీ ఆ మాటే చెబుతారని నాకు తెలుసు. వాడు ఆ బీడు గడ్డిలో ఎంతసేపు పడి ఉన్నాడు, ఎవరినైనా పిలిచాడా, నా పేరు అన్నాడా. అది తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

ఆ రైతు మమ్మల్ని బీడు దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దాయన, టోపీ తీసి చేతిలో నలుపుతూ మాట్లాడాడు. "ముందురోజు సాయంత్రం గేటు నేనే వేశాను. పొద్దున్న వచ్చేసరికి తెరిచి ఉంది, గొర్రెలు రోడ్డెక్కాయి. ముందు కోపం వచ్చింది. తరువాత భయం వేసింది. గేటు ఎందుకు వేశావని అతన్ని నేను తిట్టాల్సి వచ్చింది గానీ, తాను తీసిన గేటు వెయ్యని మనిషి కాడు. అందుకే లోపలికి పరుగెత్తాను." గేటుకి నాలుగడుగుల అవతల దొరికాడట. గొర్రెలు సాయంత్రందాకా రోడ్డు మీదే తిరిగాయి. ఆయన తోలలేదు.

నేను ఆ గేటు తీసి అవతలికి నడిచాను. వెయ్యడానికి వెనక్కి తిరిగాను. అంతే, ఇంకేం చెయ్యాలో తెలియక దాన్ని పట్టుకుని నిలబడిపోయాను.

తిరిగి వచ్చాక మా అత్తగారు ఒకటే ప్రశ్న అడిగారు. "గేటు వేసి ఉందా?"

"లేదు."

ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టారు. తరువాత నా తల దగ్గరికి తీసుకుని, "అయితే వాడికి తెలియలేదమ్మా. ఏ కాస్త తెలిసినా వేసేవాడు" అన్నారు. డాక్టర్ల మాట నమ్మని నేను ఆ మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

మొన్న తాళాలవాడు వచ్చి గేటు తీశాక, ఆ అమ్మాయి కప్పు కడిగి పెట్టి వెళ్తూ, "మీరు లాగి కూడా చూశారు ఆంటీ" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె లోపలికి వెళ్లి గేటు వేసుకుంటుంటే మా గుమ్మంలో నిలబడి చూశాను. గేటు చివర పట్టుకుని లాగడం, గడియ పడిన చప్పుడు, అంతే. అంతసేపు కూడా వాడికి దొరకలేదన్నది ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఇప్పుడే ఫోన్లో విన్నట్టుంటుంది.