తెరుచుకోని కిటికీ

పెళ్లయి పాతికేళ్లయిందని హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో రెండు రోజులు ఉందామన్నాను. గణపవరం దగ్గర మా చేపల చెరువు గట్టు దిగని మా ఆయన ఎలాగో ఒప్పుకున్నారు. పొద్దున్నే గాలి ఎటు వీస్తోందో చూడందే కాఫీ ముట్టని మనిషి ఆయన.

వారం రోజులు ఫోన్‌లో ఫోటోలు చూసి, ముప్ఫయ్యో అంతస్తులో గది ఎంచుకున్నాను. బుక్ చేయబోతుంటే ఆయన ఫోన్ లాక్కుని హోటల్‌కి చేశారు.

"కిటికీ ఎటువైపు తెరుచుకుంటుందమ్మా?"

"మా కిటికీలు తెరుచుకోవండీ," అంది అవతలి అమ్మాయి.

వారం రోజులూ ఆ అద్దాల్లోంచి ఆకాశం చూసి మురిసిపోయానే గానీ, ఈ సంగతి తట్టనే లేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆయన మాత్రం మెల్లిగానే అడిగారు.

"గాలాడకపోతే మా చెరువులో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేస్తాయమ్మా. మీ దగ్గర మనుషులేం చేస్తారు?"