రెండు వేళ్ళ ఎత్తు

నేను రాసిన పదకొండు ఉత్తరాలకు జవాబివ్వని విమానాల కర్మాగారం పోయిన వారం నాకు ఫోన్ చేసింది. పాత రోజుల మీద ప్రదర్శన పెడుతున్నారట. "మీ పెదనాన్నగారి ఫొటో ఉంటే పంపుతారాండి?" అని ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది. తొంభైల చివర నేను స్వయంగా వెళ్ళినప్పుడు ఆ మర్యాద కనిపించలేదు. "ఎగరని విమానానికి రికార్డులేంటండీ?" అని నవ్వి పంపేశారు. కూర్చోమని కూడా అనలేదు.

మా పెదనాన్న నరసాపురం రేవులో పడవలు కట్టే వడ్రంగి. ఆయన వయసులో ఉండగా ఆ కర్మాగారం వాళ్ళు ప్రయాణికుల కోసం జెట్ విమానం తలపెట్టారు. అసలుది కట్టేముందు అదే కొలతల్లో చెక్కతో నమూనా కట్టాలి, వంపు తిరిగిన చెక్కపని తెలిసినవాళ్ళు కావాలన్నారు. ఈయన వెళ్ళాడు. పడవ వడ్రంగికి కాగితం మీది గీత కన్నా కన్ను ముఖ్యం. ముక్కు భాగం చూసి, ఇలా వంగితే గోదాట్లో నీళ్ళు మింగుతుందని, డ్రాయింగు పక్కనపెట్టి ముక్కును రెండు వేళ్ళ ఎత్తు పైకి లేపాడు. పెద్ద ఇంజనీరు వచ్చి ఆ ముక్కు మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా పని ఆపేసి అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

అప్పటినుంచి పెదనాన్న తన కన్నును నమ్మలేదు. నేను ఎరిగిన పెదనాన్న ప్రతి పలకనూ మూడుసార్లు కొలిచేవాడు. "పడవకి టేపేంటి బాబాయ్, చొక్కా కుడుతున్నావా?" అని జాలర్లు నవ్వేవారు. ఒక్కొక్కరే వేరే వడ్రంగుల దగ్గరికి వెళ్ళిపోయారు. పెద్దమ్మ మాత్రం, "రెండు వేళ్ళ చెక్కకి విమానం ఆగిపోద్దాండీ? అంత గొప్పోరా మీరు?" అని ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేవాడు కాదు. మంచం పట్టాక నేను ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట: "ఆ కర్మాగారమోళ్ళు ఏవన్నా రాశారేంట్రా?" రాశారు, నీ తప్పేం లేదన్నారు అని ఒక్క అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నిజమే తెచ్చిస్తానని పంతం పట్టాను. నేను తేకముందే ఆయన పోయాడు.

ఫొటో నా దగ్గరుంది. పంపను. ఆ విమానం ఎందుకు ఆగిందో ముందు రాయండి. డబ్బు చాలకా, ఇంజన్లు రాకా, లేక ఆ రెండు వేళ్ళ వల్లా? ఆయన తప్పే అయితే అదీ రాయండి. పోయినవాడికి కాలం మించిపోయింది. అడుగుతున్నవాడికి ఇంకా మించలేదు.